అమావాస్యకు ముందే ఆ తీగలు విప్పెయ్

పెనుకొండ,
ఆదివారం సాయంత్రం.

అన్న హనుమంతరాయప్పకు తమ్ముడు తిప్పేస్వామి నమస్కారాలు చెప్పి రాస్తున్నది.

నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, పాప, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలుసుకునే దారి నాకు లేదు. ఉగాది నుంచి నీకు ఎప్పుడు ఫోన్ చేసినా మోగకుండానే తెగిపోతోంది. సిగ్నల్ లేదేమోనని నన్ను నేను చాలా రోజులు సముదాయించుకున్నాను. ఒకరోజు పక్కవాడి ఫోన్ తీసుకుని చేస్తే మొదటి రింగుకే ఎత్తి "ఎవురప్పా?" అన్నావు. నీ గొంతు విని నేనే పెట్టేశాను. మన ఊరి సిగ్నల్‌కు నా నంబరు ఒక్కటే పడదని ఆరోజు తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. చింపేస్తావేమో, నీ ఇష్టం. చింపే ముందు చివరిదాకా చదువు. ఇందులో నీకు పనికొచ్చే మాట ఉంది.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చలి మొదలు కాకముందే హిందూపురం తీసుకెళ్లి డాక్టరుకు చూపించు. ఎర్రావు ఈనిందా? పాపను బడిలో వేశారా? వదిన గొంతు విని ఏడాదవుతోంది. ఇవన్నీ వేరేవాళ్ల నోటి నుంచి వినాల్సి వస్తోంది, అదీ ఎప్పుడో ఒకసారి.

నా గురించి దిగులు పడొద్దు. పడుతున్నావని కాదు, రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను.

బెయిలు మీద బయటికొచ్చాక వాడు ఊరి ముఖం చూడలేదని నువ్వు అందరితో అంటున్నావట. వచ్చాను అన్నా. నువ్వు రాకపోతే నేనే వద్దామని హిందూపురంలో రొళ్ల బస్సెక్కాను. మడకశిరలో మన వీధి తిమ్మన్న ఎక్కాడు. నా పక్కన సీటు ఖాళీగా ఉంది. కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, బస్సంతా వినేలా, "ఏమబ్బా తిప్పా, పులిగోర్లు యాడ దాచినావు? మా మనవడికీ ఒకటియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. ఆ గోళ్లు ఎవరు పీకారో, ఇప్పుడు ఎవరి మెడలో ఉన్నాయో నాకు తెలుసు, నీకు తెలుసు. చెప్పలేక అక్కడే దిగిపోయాను. వెనక్కి వచ్చే బస్సెక్కి ముందు హిందూపురం, తర్వాత ధర్మవరం చేరాను.

ధర్మవరంలో పట్టుకు రంగులు వేసే షెడ్డులో నాలుగు నెలలు చేశాను. వేడి నీళ్లలో నూలు తిప్పడం పని. చేతులు మోచేతుల దాకా ఒకరోజు ఎరుపు, ఒకరోజు పచ్చ. తోలు ఊడిపోయి అన్నం కలుపుకుంటే మంట. అది మానేసి పెనుకొండ వచ్చాను. ఇక్కడ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే పని. రోజుకు రెండు బస్తాల ఉల్లిగడ్డలు కోస్తాను. కన్నీళ్లకు కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు, అదొక సుఖం. మొత్తం మీద బాగానే ఉన్నాను.

తిండికి లోటు లేదు. క్యాంటీన్‌లో ఎక్కడెక్కడి వాళ్లో పనిచేస్తారు కాబట్టి చపాతీ, సాంబారు, పప్పు అన్నీ ఉంటాయి. రాగి ముద్ద మాత్రం ఉండదు. ఒక ఆదివారం గదిలో నేనే కెలుక్కున్నాను, గడ్డలు కట్టింది. ఊరిబిండి పచ్చడి నూరడానికి రోలు లేదు, మిక్సీ లేదు. ఉప్పు, కారం అద్దుకుని తిన్నాను. ఎదురుగా కూర్చుని 'ఇంకో ముద్ద వెయ్యనా' అని అడిగేవాళ్లు లేకపోతే ముద్ద గొంతు దిగదని ఆరోజు అర్థమైంది. ఇక్కడ గాలి ఎక్కువ. కొండ మీద నుంచి దిగిన గాలి గది పైకప్పు రేకులను రోజంతా ఆడిస్తూ ఉంటుంది. ఆ చప్పుడే నాకు తోడు.

ఇక ఆదివారాల సంగతి. నవ్వుతావో తిడతావో తెలియదు. ఆదివారాలు నేను అడవి శాఖ వాళ్లతో కలిసి ఉచ్చులు ఏరడానికి వెళ్తున్నాను. ఇక్కడి బీట్ ఆఫీసరు ఒక ఆడమనిషి, మనకంటే చిన్నది. నా మీద చిరుత కేసుందని తెలిసే పిలిచింది. "తీగ యాడ కడతారో కట్టినోడికే తెలుస్తాది. నువ్వు రాప్పా" అంది. కట్టింది నేను కాదని ఆమెకు చెప్పలేదు. ఏడాదిగా ఆ అబద్ధం నా ఒంటికి చొక్కాలా పట్టేసింది, ఎక్కడ విప్పాలో తెలియడం లేదు.

మాతో ఓబులేసు అని ఒక పెద్దాయన వస్తాడు. ముప్పై ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నాడు. కంచె కింద మట్టి నున్నగా ఉంటే చాలు, కర్రతో అక్కడ తడిమి తీగను బయటికి లాగుతాడు. పోయిన ఆదివారం ఒక మొక్కజొన్న చేను గట్టు మీద అలాగే కర్ర పెట్టబోయి ఆగిపోయాడు. తీగలో ప్రాణి ఉంది. అడవిపిల్లి. మన ఇంటి పిల్లి కన్నా కాస్త పెద్దది, కాళ్లు పొడుగు, తోక పొట్టి. నడుముకు తీగ బిగిసి, గుంజుకుని గుంజుకుని చుట్టూ మట్టి గుంట చేసింది. మమ్మల్ని చూసి పళ్లు చూపింది గాని లేవలేకపోయింది.

ఆఫీసరమ్మ డాక్టరుకు ఫోన్ చేసింది. ఎలా చెయ్యాలో డాక్టరు ఫోన్లో చెబుతుంటే ఓబులేసు తడిపిన గోనెపట్ట దాని మీద వేసి తల పట్టుకున్నాడు. నేను కటింగ్ ప్లేయరుతో తీగ కోశాను. నడుము చుట్టూ వెంట్రుక ఊడి ఎర్రటి గీత పడింది కాని లోపలికి దిగలేదు. డాక్టరు వచ్చి చూసి మందు పూసి, ఇది బతుకుతుందన్నాడు. వదిలితే మొదట రెండడుగులు తూలింది, తర్వాత వంకలోకి దూకి పోయింది. ఎప్పుడు కట్టారో తెలుసా? తెల్లవారుజామున. మేము వెళ్లేసరికి కట్టి నాలుగు గంటలే అయింది. అదే ఒకరోజు దాటి ఉంటే చచ్చేది.

చేను రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నేను పందికి పెట్టినా సార్, దేవుని తోడు. పిల్లికి పెట్టలే" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఓబులేసు ఆయన పక్కన కూర్చుని బీడీ ముట్టించుకుని అన్నాడు: "నువ్వు పందికే పెట్టినావప్పా. కంచె కింద సందు ఒగటే ఉండాది. పంది దాంట్లోనే దూరల్ల, పిల్లి దాంట్లోనే దూరల్ల, చిరుత దాంట్లోనే దూరల్ల. వచ్చింది ఎవురో తీగకేం తెలుస్తాది?" ఆ రైతు ఏడ్చాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆయన మీద కాదు. పోయినేడు మనమూ ఇదే మాట, ఇదే దేవుడి మీద ఒట్టు పెట్టి చెప్పాం కదా అన్నా.

నాయన ఉచ్చులు పెట్టలేదా అంటావు. పెట్టాడు. అప్పట్లో సంతకు తోళ్లు కొనేవాడు వచ్చేవాడు, నీకు నాకంటే బాగా గుర్తుంటుంది. కుందేలు తోలు, నక్క తోలు నాయన దగ్గర తీసుకునేవాడు. పిల్లితోలు ఉంటే రెట్టింపు ఇస్తానని ఎన్నిసార్లు అడిగినా నాయన "పిల్లి జోలికి నేను పోనప్పా" అనేవాడు. అందుకే ఉచ్చుకు కిత్తనార తాడు తప్ప ఇంకోటి వాడలేదు. పిల్లి పడితే కొరుక్కుని పోతుందని. కుందేళ్లూ కొన్ని పోయేవి, పోనీ అనేవాడు. అదీ తప్పేనని ఇప్పుడు నాకు తెలుసు, కుందేలును పట్టినా కేసే. కానీ ఆయన తప్పులో కూడా ఒక అదుపు ఉండేది. అమావాస్య రోజు మనవాళ్లెవరూ చేలో కాలు పెట్టరు కాబట్టి, ముందురోజు పొద్దు వాలేలోగా ఊరి చుట్టూ తిరిగి ఒక్కటి మిగలకుండా విప్పి తెచ్చేవాడు. "చూసేవాడు లేని రోజు ఉచ్చు ఉండగూడదురా" అని మన ఇద్దరినీ వెంట తిప్పి లెక్కపెట్టించేవాడు.

నువ్వు తాడు తీసేసి బండి క్లచ్ తీగ తెచ్చావు. తాడు పందిని ఆపదు అన్నావు. నిజమే, ఆపదు. తీగ పందిని ఆపింది. ఇంకా చాలావాటిని ఆపింది.

పోయినేడు పెద్దల అమావాస్య రోజు జరిగింది నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. అంతకుముందు రోజు పండగ సరుకులకు మడకశిర పోయి ఆలస్యంగా వచ్చావు. తీగలు విప్పావా అని నేను అడిగితే, "ఒగరోజుకేమయితాదిలేరా" అన్నావు. మరుసటి రోజు నాయనకు ఆకు వేసి, బట్టలు పెట్టి, అందరం పూజ దగ్గర కూర్చున్నాం. వంక వైపు నుంచి రంపం కోసినట్టు చప్పుడు. ఊరందరికీ వినబడింది. నేను లేచాను. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అమావాస్య పూట చేన్లోకి పోగూడదు. పెద్దోళ్లు ఆకు కాడికొచ్చింటారు, లేచి పోతే ఎట్లరా?" అంది. నేను కూర్చున్నాను. అది నా తప్పు, ఎవరి మీదికీ తోయను. ఆ చప్పుడు వింటూనే అన్నం తిన్నాను. వడలు బాగున్నాయని ఇంకో రెండు వేయించుకున్నాను కూడా. మధ్యాహ్నానికి చప్పుడు తగ్గింది. సాయంత్రానికి ఆగిపోయింది. పోయిందిలే అనుకున్నాం. ఎక్కడికి పోయిందో పాడ్యమి పొద్దున చూశాం.

అక్కడితో ఆగినా బాగుండేది. జరిగింది చెప్పి అడవి వాళ్లను పిలుద్దాం అన్నాను. నువ్వు పట్టకారు తెచ్చి చచ్చిన చిరుత ముందుకాలి గోళ్లు రెండు పీకావు. పాప నిద్రలో దడుచుకుంటోందని వదిన ఎప్పటి నుంచో అడుగుతోందన్నావు. కబురు తెలిసి ఆఫీసర్లు వచ్చి కాలు తిప్పి చూసి, "గోర్లు యాడ?" అన్నారు. పొరపాటున పడిన చిరుత ఆ ఒక్క మాటతో నేరం అయిపోయింది. నువ్వు నేల చూపులు చూస్తున్నావు. అమ్మ నన్ను పశువుల కొట్టం వెనక్కి లాక్కెళ్లింది. "నువ్వు ఒప్పుకో తిప్పా. వానికి పెండ్లాం, బిడ్డ ఉండారు. నీకెవురుండారు?" అంది.

నిజమే. నాకెవరున్నారు? అప్పటికి అగళి సంబంధం ఒకటుండేది. ఆ పిల్ల వాళ్ల నాయన జైలు దగ్గరికి వచ్చి, మర్యాదగానే, మా తాంబూలం మాకు ఇచ్చెయ్యమని చెప్పిపోయాడు. ఇప్పుడైతే నిజంగానే ఎవరూ లేరు. అమ్మ మాట వమ్ము కాలేదు.

నువ్వు ఆరోజు నా భుజం మీద చెయ్యి వేసి రెండు మాటలిచ్చావు. ప్రతి వాయిదాకూ వస్తానన్నావు. జన్మలో తీగ ముట్టనన్నావు. వాయిదాలకు ఒక్కసారి కూడా రాలేదు. సరే, పంట పనులు, పాపకు జ్వరం, ఎద్దు కాలు, ఏదో ఒకటి ఉంటుంది. నేను సర్దుకున్నాను. రెండో మాట నమ్ముకునే ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను.

పోయిన వాయిదా రోజు కోర్టు బయట మన మడకశిర మెకానిక్ కనబడ్డాడు. టీ ఇప్పించాడు. "మీయన్న మొన్న నా షెడ్డుకొచ్చినాడప్పా. పాత క్లచ్ తీగలు ఎన్నుంటే అన్నీ ఏసకపోయినాడు. ఈతూరి చెనక్కాయకి పందులు జాస్తి అంట" అన్నాడు. టీ గ్లాసు నా చేతిలోనే చల్లారిపోయింది. అన్నా, నేను ఎందుకు జైలుకు పోయాను? ఆ చిరుత ఎందుకు చచ్చింది? ఏమీ జరగనట్టే మళ్లీ అదే గట్టు, అదే తీగ.

పందులు పంట తింటే కడుపు మండుతుంది. నేనూ ఆ చేలోనే పుట్టాను, నాకు చెప్పొద్దు. కానీ వేరే దారులున్నాయి. ఇక్కడ ఆఫీసరమ్మ రైతులకు చెప్పేవే నీకు రాస్తున్నాను. చేను చుట్టూ పాత చీరలు రెండు వరసలు కట్టు, గాలికి ఆడుతుంటే పందులు బెదురుతాయి. సెలూన్‌లో ఊడ్చిన వెంట్రుకలు తెచ్చి గట్టు వెంబడి చల్లు, అవి మట్టిలో ముట్టె పెట్టి వాసన చూసుకుంటూ నడుస్తాయి కాబట్టి వెంట్రుక ముక్కులోకి పోతే వెనక్కి తిరుగుతాయి. వచ్చే ఏడు అంచున ఆముదాలు వెయ్యి. పంట నష్టానికి అర్జీ పెట్టు, కాగితాలు నేను రాసిస్తాను. ఇవన్నీ చేసినా కొంత పంట పోతుంది. పోనీ. నాయన కుందేళ్లు పోనిచ్చాడు కదా. క్యాంటీన్‌లో పనిచేసే ఆడవాళ్లను అడిగి ఇరవై పాత చీరలు పోగు చేశాను. ఉతికి మూట కట్టాను. గురువారం రొళ్ల బస్సులో వేస్తాను, స్టాండులో తీసుకో.

ఇంకొక్కటి. పాప మెడలోనించి ఆ గోళ్లు తీసెయ్. దడుపుకు అవి పనిచేసి ఉంటే సంతోషమే. కానీ అవి ఎవరైనా చూస్తే వేసుకున్న పిల్లను కాదు, కట్టినవాళ్లను అడుగుతారు.

ఇప్పుడు అసలు మాట. ఈ నెల ఆఫీసరమ్మ వాళ్ల పైవాళ్లు రొళ్ల వైపు కూడా ఉచ్చులు ఏరాలని నిర్ణయించారు. ఏ ఊళ్లలో తీగలు పెడతారో తెలిసిన పేర్లు చెప్పమని నన్ను అడిగారు. ఆరు ఊళ్లు చెప్పాను. మొదటి పేరు మన ఊరిదే చెప్పాను. నోరు రాలేదు, అయినా చెప్పాను. పెద్దల అమావాస్య ముందురోజు వస్తున్నాం. ఇంకా పన్నెండు రోజులుంది. నీకు ముందే చెప్పొచ్చా అని ఆఫీసరమ్మను అడిగే రాస్తున్నాను. "చెప్పు. నాకు మనిషి చిక్కేది వద్దు, తీగ పోతే చాలు" అంది. ఆమెది మంచి మనసు. కానీ ఆరోజు వచ్చేది ఆమె ఒక్కతే కాదు, పైవాళ్లు కూడా ఉంటారు.

వరసలో ముందు నేనే నడుస్తాను. వంక, గట్టు, రేగుచెట్ల సందు, నీ కాళ్లకు తెలిసిన దారులన్నీ నా కాళ్లకూ తెలుసు. తీగ కనబడకపోతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కనబడితే ఎవరిదని అడుగుతారు. పోయినేడు నాదని చెప్పాను. ఈసారి నీ పేరే చెబుతాను. పోయినేటి తీగ కూడా ఎవరిదో అప్పుడే చెబుతాను. కోర్టులోనూ అదే చెబుతాను.

నా మీద కోపం తెచ్చుకో, తిట్టుకో, ఊళ్లో ఏమైనా చెప్పుకో. తీగలు మాత్రం విప్పు. నాయనకు ఆకు వేసేటప్పుడు నా పేరున కూడా ఒక పిడికెడు పెట్టు. నేను అక్కడ ఉండను. వదినకు నా నమస్కారం, పాపకు ముద్దులు. నీ ఆశీర్వాదం కావాలని రాయాలి. రాస్తున్నాను, ఇస్తే తీసుకుంటాను. నా ఆరోగ్యం బాగానే ఉంది, దిగులు వద్దు.

అమ్మ పాదాలకు నమస్కారం చెప్పి, ఈ ఉత్తరం గట్టిగా చదివి వినిపించు. మధ్యలో ఆపొద్దు. చివర్లో ఈ మాట కూడా చెప్పు: ఈసారి కొట్టం వెనక్కి లాక్కెళ్లడానికి ఆమె దగ్గర ఇంకో కొడుకు లేడని.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
తిప్పేస్వామి